ఓ పేరు

"ఏం పేరూ?" అన్నారు మా అత్తయ్యగారు.

"ఓపేర్ అత్తయ్యా."

"అదే, ఓ పేరంటున్నావు కదా, ఏం పేరని అడుగుతున్నా."

మా పెద్దమ్మాయి నవ్వలేక నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. ఆ మాటకు అర్థం చెప్పేసరికి మా ఇంట్లో అందరికీ తాతలు దిగొచ్చారు. అందరికంటే ముందు నాకు.

విషయం ఏమిటంటే, మా అమ్మాయి బి.ఎస్సీ. చదువుతూనే రెండేళ్ళుగా జర్మన్ నేర్చుకుంది. డిగ్రీ అయిపోగానే మేం ఎమ్మెస్సీ దరఖాస్తుల గురించి మాట్లాడుతుంటే, "ఒక్క ఏడాది ఆగుతానమ్మా, జర్మనీలో ఒక కుటుంబంతో ఉండి వస్తాను" అంది. మా ఇళ్ళల్లో చదువు మధ్యలో గ్యాప్ అంటే గోడలో పగులు లాంటిది. వచ్చినవాళ్ళంతా అందులో వేలు పెట్టి చూసి పోతారు. ఫెయిలయిందా, ప్రేమ వ్యవహారమా, ఒంట్లో బాగోలేదా అని ఆరా తీస్తారు. ఆడపిల్లయితే ఇంక చెప్పక్కర్లేదు.

ఈ ఓపేర్ అనేది ఫ్రెంచి మాటట. సమానంగా అని అర్థం. పద్దెనిమిదేళ్ళు నిండి ఇరవై ఏడు నిండని పిల్లలు వేరే దేశంలో ఒక కుటుంబంతో కలిసి ఉంటారు. ఆ ఇంటి చిన్నపిల్లల్ని చూసుకుంటారు, చిన్న చిన్న ఇంటిపనుల్లో సాయం చేస్తారు, భాష నేర్చుకుంటారు. జర్మనీలో దీనికి పద్ధతులున్నాయి. వెళ్ళేవాళ్ళకు ఆ భాషలో కనీసం ఏ1 స్థాయి వచ్చి ఉండాలి. కాలం ఏడాదికి మించకూడదు. పని వారానికి 30 గంటలు, రోజుకు 6 గంటలు దాటకూడదు. వారానికి ఒకటిన్నర రోజు సెలవు, నాలుగు సాయంత్రాలు ఖాళీ, ఏడాదికి నాలుగు వారాల సెలవు. తిండి, బీమా వాళ్ళవే. ఉండడానికి కిటికీ ఉన్న విడి గది ఇవ్వాలి, అదీ 8 చదరపు మీటర్లకు తగ్గకుండా. నెలకు 280 యూరోలు చేతిఖర్చుకు, పైన 70 యూరోలు భాష క్లాసుకు. ఇదంతా కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకాలు పెడతారు.

ఆ కాగితం మా అమ్మాయి చదివి వినిపిస్తుంటే నాకు వినబడింది ఒకే ఒక ముక్క. పరాయివాళ్ళింట్లో పిల్లల్ని ఆడించడం. మా వీధిలో ఆ పనికి ఏమంటారో నాకు తెలుసు.

మా ఆయన రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు "దాని ఇష్టం" అన్నారు. ఆయన అలా అంటే ఒప్పుకున్నట్టే. నేను మాత్రం ఒప్పుకుంటూనే ఒక తప్పు చేశాను. అడిగినవాళ్ళందరికీ "జర్మనీలో చదువుకోడానికి వెళ్తోందండీ" అని చెప్పాను. భాష క్లాసు ఉంది కదా, అది చదువు కాదా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. మా అమ్మాయి ఆ మాట విన్నది. ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడమే నన్ను తర్వాత చాలాకాలం పొడిచింది.

2024 సెప్టెంబరులో వెళ్ళింది. ఊరు ఫ్రైబుర్గ్. జర్మనీకి నైరుతి మూల, నల్ల అడవి అని పిలిచే కొండల పక్కన. పెట్టెలో కందిపొడి, గోంగూర పచ్చడి, ఇంగువ సర్దాను. పాలతో చేసినవి ఆ దేశంలోకి రానివ్వరని నెయ్యి సీసా తీసి బయట పెట్టేసింది. ఆ ఇంట్లో ఏడేళ్ళ బాబు, మూడేళ్ళ పాప. వాళ్ళకోసం కొండపల్లి ఎడ్లబండి బొమ్మ కొని పంపాను.

మొదటి వారం మా అమ్మాయి ఆకలితో పడుకుంది. నమ్ముతారా? ఇంటినిండా తిండి ఉంది, పెట్టేవాళ్ళు మంచివాళ్ళు, అయినా ఆకలితో పడుకుంది.

భోజనాల బల్ల దగ్గర ఆ ఇంటావిడ "ఇంకొంచెం తీసుకుంటావా?" అని అడిగిందట. మనం ఏం చేస్తాం? మొదటిసారి "వద్దండీ" అంటాం. రెండోసారి "అబ్బే, చాలండీ" అంటాం. మూడోసారి వాళ్ళు బలవంతం చేస్తే అప్పుడు కంచం ముందుకు జరుపుతాం. మా అమ్మాయి మొదటి "వద్దు" అంది. ఆవిడ "సరే" అని గిన్నె మూతపెట్టేసింది. అంతే. రెండోసారి అడగడమన్నదే లేదు. పైగా రాత్రి భోజనమంటే వాళ్ళకు సాయంత్రం ఆరింటికి రొట్టె ముక్కలు, చీజు, దోసకాయ చక్రాలు. పొయ్యి వెలిగించరు. ఆ పూట తినేదాన్ని వాళ్ళు సాయంత్రపు రొట్టె అనే పిలుస్తారట. వేడి అన్నం మెతుకు తగలని రాత్రి మా పిల్లకు ఇరవై రెండేళ్ళలో అదే మొదటిది.

"అమ్మా, వద్దంటే వీళ్ళకు వద్దనేనే!" అని ఫోనులో గుసగుసగా చెప్తుంటే నాకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. "మరి కావాలని అడుగు" అన్నాను. "సిగ్గేస్తోంది" అంది. కావలసింది నోరు తెరిచి అడగడం నేర్పకుండానే దాన్ని పెంచానని అప్పుడు తట్టింది నాకు. ఎదుటివాళ్ళ ముఖం చూసి వాళ్ళకేం కావాలో కనిపెట్టడం మాత్రం చక్కగా నేర్పాను.

ఇంకో ఇబ్బంది పిలుపు దగ్గర. జర్మన్‌లోనూ మనలాగే నువ్వు, మీరు వేరువేరుగా ఉన్నాయి. మా అమ్మాయి మర్యాదగా "మీరు" అని మొదలుపెడితే ఆవిడ మొదటిరోజే ఆపి, "ఇంట్లో అందరం నువ్వే, నన్ను పేరు పెట్టి పిలువు" అందట. నా ఈడు మనిషిని పేరు పెట్టి, నువ్వని పిలవాలి! వారం రోజులు మా పిల్ల అసలు పిలవడమే మానేసి, ఆవిడ తనవైపు తిరిగేదాకా నిలబడి అప్పుడు మాట్లాడిందట. బి.ఏ. తెలుగులో మూడేళ్ళు సర్వనామాలు చదివినదాన్ని, మీరు అనే మాట మనిషిని గౌరవించడమే కాదు, కొంచెం దూరంగా కూడా నిలబెడుతుందని నా కూతురి ఫోనులో నేర్చుకున్నాను.

చెత్త ఒక పెద్ద పాఠం. కాగితాలకు ఒకటి, కూరగాయ తొక్కలకు ఒకటి, ప్లాస్టిక్ ప్యాకింగులకు ఒకటి, మిగతావాటికి ఒకటి. గాజు సీసాలు వీధి చివర డబ్బాల్లో రంగుల వారీగా వేయాలి. అదీ ఆదివారం వేయకూడదు, చప్పుడవుతుందని. ఆదివారం కొట్లు కూడా తియ్యరు. స్నానాలగదిలో నేల తడవకూడదు, మన బాత్‌రూమ్‌లా నీళ్ళు పోయే కన్నం ఉండదు. చలికాలంలో కూడా రోజుకు రెండు మూడుసార్లు కిటికీలన్నీ బార్లా తెరిచి గాలి మార్చాలి. ఒకరోజు దోసకాయ పప్పులోకి ఎండుమిరపకాయ పోపు వేస్తే ఇంటి కప్పుకున్న పొగ అలారం ఊరంతా లేచేలా మోగింది. పిల్లలిద్దరూ చెవులు మూసుకుని గంతులేశారట. ఆ తర్వాత పోపు వేసేముందు "కిటికీ!" అని మూడేళ్ళ పాపే అరిచేదట.

ఆ ఊరి వీధుల పక్కన సన్నటి నీటికాలువలు పారుతుంటాయి. పొరపాటున ఎవరైనా అందులో కాలు వేస్తే ఆ ఊరివాళ్ళనే పెళ్ళాడతారని అక్కడ ఒక నానుడి. ఇది విన్న మా అత్తయ్యగారు ప్రతి ఫోనులోనూ మొదటి ప్రశ్న అదే. "కాలువలో కాలు పెట్టలేదు గదే?"

పాప విషయంలో మాత్రం మా అమ్మాయి మనసు నొచ్చుకుంది. మన పద్ధతిలో పిల్లవెనక తిరుగుతూ, కథ చెప్తూ, ముద్దలు పెట్టడం మొదలుపెట్టింది. పాప హాయిగా తింటోంది. మూడోరోజు ఆ ఇంటావిడ చూసి, "అలా పెట్టొద్దు. ఆకలేస్తే తనే తింటుంది. తినకపోతే ఈ పూటకు అంతే" అని చెప్పిందట. కోపంగా కాదు, మామూలుగానే. మా అమ్మాయి గదిలోకి వెళ్ళి ఏడ్చింది. "నేను ప్రేమగా పెడితే తప్పు చేసినట్టు చెప్పిందమ్మా" అంది. నాకు ఆవిడ మీద మండిపోయింది. ఎలాంటి తల్లి అనుకున్నాను. నెల తిరిగేసరికి మా అమ్మాయే చెప్పింది, ఆ మూడేళ్ళది ఆపిల్ తానే కోసుకుంటుందని, కోటు గుండీలు తానే పెట్టుకుంటుందని, రాత్రి ఏడున్నరకు దాని గదిలో అది పడుకుంటుందని. మా చిన్నది అయిదో క్లాసుదాకా నా చేతి ముద్ద తిన్నది. ఏది మంచిదో నేను తీర్పు చెప్పను. నా ముద్దల్ని నేను తక్కువ చేసుకోను. కానీ ఆవిడది ప్రేమ కాదన్నమాట మాత్రం వెనక్కి తీసుకున్నాను.

పిల్లలు పడుకున్నాక, అక్కడ రాత్రి ఎనిమిదింటికి మా అమ్మాయి ఫోను చేసేది. మనకు పదకొండున్నర. అక్టోబరు చివరి ఆదివారం ఫోను రాలేదు. పన్నెండయింది, రాలేదు. నేను దేవుడి గదిలో కూచున్నాను. పన్నెండున్నరకు మోగింది. ఏమైందే అని అరిచాను. అక్కడ చలికాలానికి గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారట! అప్పటినుంచి మార్చి చివరిదాకా నా నిద్ర పన్నెండున్నర తర్వాతే.

నవంబరులో ఒక వీడియో పంపింది. నవంబరు 11 అక్కడ సెయింట్ మార్టిన్ పండగ. చీకటిపడ్డాక పిల్లలు కాగితంతో చేసిన లాంతర్లు కర్రలకు కట్టుకుని పాడుకుంటూ వీధుల్లో నడుస్తారు. ఆ లాంతరు పాపతో కలిసి తనే చేసిందట. ఆ రోజు మాకు కార్తీక సోమవారం. నేను అప్పుడే తులసికోట దగ్గర దీపం పెట్టి వచ్చాను. ఫోను అత్తయ్యగారికి చూపించాను. చాలాసేపు చూసి, "వాళ్ళకీ కార్తీకమేనన్నమాట" అన్నారు. నేను సరిదిద్దలేదు.

అసలు కష్టం డిసెంబరులో వచ్చింది.

ఆ ఇంటావిడ నర్సు. చలికాలంలో తోటి నర్సులు జబ్బుపడితే ఆవిడ డ్యూటీలు మారిపోయేవి. ఆయన ఆఫీసు పనిమీద ఊళ్ళు తిరుగుతున్నారు. "ఈ సాయంత్రం కాస్త చూస్తావా?", "ఈ శనివారం పొద్దున్న ఒక్క రెండు గంటలు?" అని అడగడం, మా అమ్మాయి "సరే" అనడం. ఒక వారం లెక్క చూసుకుంటే 41 గంటలయ్యాయి. భాష క్లాసు రెండుసార్లు పోయింది. అక్కడ సాయంత్రం నాలుగున్నరకే చీకటి. అర్ధరాత్రి ఫోనులో దాని గొంతు పీలగా ఉంది. "ఏం చెయ్యనమ్మా?" అంది.

నేనేమన్నానో చెప్తాను. "సర్దుకుపోమ్మా. వాళ్ళింట్లో ఉంటున్నావు, వాళ్ళ తిండి తింటున్నావు. ఎదురు మాట్లాడి చెడ్డ అనిపించుకోకు."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అంది, "నువ్వు సర్దుకుపోయావు కాబట్టి నన్నూ సర్దుకుపొమ్మంటున్నావా? నేను ఏడో క్లాసులో ఉన్నప్పుడు నీకు టైఫాయిడ్ వచ్చింది. గోడ పట్టుకుని నిలబడి చారు పెట్టావు. ఇంట్లో నలుగురం ఉన్నాం. ఎవరూ వద్దనలేదు. నువ్వూ చెయ్యలేనని చెప్పలేదు. నాకు గుర్తుందమ్మా. అది గొప్ప అని నేను అనుకోవాలా?"

ఫోను పెట్టేసింది.

మూడు రోజులు "బాగున్నా" అని ఒక్క మెసేజి తప్ప ఏమీ లేదు. ఆ మూడు రోజులూ నేను ఆ చారు గురించే ఆలోచించాను. ఇన్నేళ్ళూ అది నా ఓపికకు గుర్తు అనుకున్నాను. నాకు తెలియకుండా నేనే చాలాసార్లు ఆ కథ చెప్పుకున్నాను కూడా, బంధువుల ముందు, కాస్త గర్వంగానే. పన్నెండేళ్ళ పిల్ల ఆ రోజు గుమ్మం దగ్గర నిలబడి ఏం చూసిందో, ఏం నేర్చుకుందో నాకు తట్టనేలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఫోను చేసింది. ఊరి మధ్య పారే డ్రైజామ్ నది గట్టున నడుస్తోంది. గొంతు తేలిగ్గా ఉంది.

జరిగిందేమిటంటే, మూడు వారాల గంటలన్నీ నోటుపుస్తకంలో రాసుకుంది. "మీ ఇద్దరితో మాట్లాడాలి, ఎప్పుడు కుదురుతుంది?" అని అడిగింది. వాళ్ళ వంటగది గోడకు ఒక కేలండరు ఉంటుంది. ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో వరస, పైన పేరు. మా అమ్మాయి వెళ్ళిన రోజే అయిదో వరస పైన దాని పేరు రాసి ఉందట. ఆ కేలండర్లో శనివారం పదింటికి అని రాశారు. ఒకే ఇంట్లో ఉన్నవాళ్ళు మాట్లాడుకోడానికి ముహూర్తం!

చెప్పవలసిన వాక్యాలు జర్మన్‌లో కాగితం మీద రాసుకుని, తడబడుతూ చదివిందట. ఆవిడ నోటుపుస్తకం చూసింది. ముఖం ఎర్రబడింది. "నువ్వు ప్రతిసారీ సరే అన్నావు కదా. నీకు ఇష్టమే అనుకున్నాను. ఎందుకు ముందే చెప్పలేదు?" అంది. ఎక్కువ చేసిన గంటలకు జనవరిలో సెలవులు ఇచ్చారు. ఇకమీదట వారం మొదట్లోనే గంటలు కేలండర్లో రాయాలనుకున్నారు. తర్వాత ఆవిడ తన వంతు చెప్పింది. స్నానాలగది నేల ఇప్పటికీ తడిగా ఉంటోందని, ఆదివారాలు గది తలుపు వేసుకుని ఉంటే మేమంటే నీకు ఇష్టం లేదేమో అనిపిస్తోందని. మా అమ్మాయేమో వాళ్ళ ఆదివారం వాళ్ళకు వదిలేయడం మర్యాద అనుకుంది.

"అరిచిందా?" అన్నాను.

"లేదమ్మా."

"మర్నాడు ముఖం మాడ్చుకుందా?"

"నేనూ అదే భయపడ్డా. పొద్దున్నే కాఫీ తాగుతావా అని అడిగింది. అంతే. అయిపోయింది."

నాకది వింతగా అనిపించింది. మన ఇళ్ళల్లో ఒక మాట అంటే అది పదేళ్ళు బతుకుతుంది. అందుకే మనం అనం. అనకుండా దాచుకున్నది ఇరవై ఏళ్ళు బతుకుతుంది.

అన్నీ ఇలా చక్కగా తెల్లారాయని చెప్పను. ఫిబ్రవరిలో దానికి జ్వరం వచ్చింది. ఆవిడ వేడి టీ ఇచ్చి, మాత్ర ఇచ్చి, "విశ్రాంతి తీసుకో" అని తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది. మనిషిని ప్రశాంతంగా వదిలేయడం వాళ్ళకు ఆప్యాయత. జ్వరమొస్తే మనకు తలమీద చెయ్యి కావాలి. ఆ రోజంతా ఏడ్చింది. సాయంత్రం తలుపు నెమ్మదిగా తోసుకుని పాప వచ్చి, కొండపల్లి ఎడ్లబండి దాని దిండు పక్కన పెట్టి, ఏమీ మాట్లాడకుండా వెళ్ళిపోయిందట. అది చెప్తూ నా కూతురు మళ్ళీ ఏడ్చింది, నేనూ ఏడ్చాను.

సంక్రాంతి సంగతి చెప్పడం మరిచాను. పండగకు మా వదినగారు వచ్చారు. భోజనాలయ్యాక తమలపాకులు తుడుస్తూ, "మీ అమ్మాయి అక్కడ ఎవరి పిల్లల్నో బండిలో తోస్తున్న ఫొటో చూశాను. చదువుకోడానికన్నావు. ఇంత చదివించింది పరాయి దేశంలో పాచిపని చెయ్యడానికా?" అన్నారు.

నాలుగు నెలలుగా ఆ ప్రశ్నకు భయపడుతున్నాను. అబద్ధం నోటి చివరిదాకా వచ్చింది. ఆ గోడమీద కేలండరు గుర్తొచ్చింది, అయిదో వరసలో దాని పేరు.

"అవును వదినా, పిల్లల్ని చూసుకుంటోంది. వారానికి 30 గంటలు. చేతిఖర్చుకిస్తారు, మన లెక్కలో దాదాపు పాతికవేలు. భాష నేర్చుకుంటోంది. చదువుకోడానికని నేనే అబద్ధం చెప్పాను, అది చెప్పలేదు" అన్నాను. గొంతు వణికింది. అయినా అన్నాను.

వదినగారు నోరు తెరిచేలోపు మూల కుర్చీలోంచి అత్తయ్యగారు అందుకున్నారు. "మీ నాన్న వారాలు చేసుకుని చదువుకున్నాడే. రోజుకొక ఇంట్లో తిన్నాడు. వాళ్ళ నూతిలో నీళ్ళు తోడాడు, వాళ్ళ పిల్లలకు ఎక్కాలు చెప్పాడు. ఆయన్నెవరూ పనివాడనలేదు. వారాలబ్బాయి అన్నారు. దీనికీ ఓ పేరుందటగా." 

ఆవిడకు ఆ మాట అర్థమైందని నాకు ఆ రోజే తెలిసింది.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక జరిగిందంతా ఫోనులో మా అమ్మాయికి చెప్పాను. అబద్ధం చెప్పినందుకు క్షమించమని అడుగుదామనుకున్నాను. తెలుగులో తల్లి కూతుర్ని క్షమించమని ఎలా అడుగుతుందో నాకు మాట దొరకలేదు. "నిన్ను చూసి సిగ్గుపడ్డాను, తప్పు నాదే" అన్నాను. "తెలుసులేమ్మా" అంది. కాసేపాగి, "ఆ రోజు టైఫాయిడ్ మాట అనకుండా ఉండాల్సింది" అంది. "అనే ఉండాల్సింది" అన్నాను.

తర్వాత నేనూ ఒక పని చేశాను. మా వంటింటి తలుపు వెనకున్న తెలుగు కేలండర్లో పాల లెక్క, గ్యాసు తేదీ, ఆయన ఎల్లైసీ ప్రీమియం, చిన్నదాని పరీక్షలు, అత్తయ్యగారి బీపీ మాత్రలు, ఏకాదశులు అన్నీ ఉంటాయి. నావంటూ ఒక్కటీ లేదు. ప్రతి గురువారం గడిలో పెన్సిలుతో "4 నుంచి 6, గ్రంథాలయం" అని రాశాను. మొదటివారం ఆయన చూసి, "ఎవరికీ గ్రంథాలయం?" అన్నారు. "నాకు" అన్నాను. "మరి నాలుగింటి కాఫీ?" అన్నారు. "ఫ్లాస్కులో ఉంటుంది" అన్నాను. ఫ్లాస్కు రెండు నెలలు నడిచింది. ఇప్పుడు ఆయనే పెట్టుకుంటున్నారు. అత్తయ్యగారికి కూడా ఇస్తున్నారు. పంచదార ఎక్కువవుతోందని ఆవిడ ఫిర్యాదు. అది ఆయనతోనే చెప్పుకోమన్నాను.

2025 ఆగస్టు చివర్లో అమ్మాయి వచ్చేసింది. కొంచెం సన్నబడింది. ఇంటికి రాగానే కిటికీలన్నీ తెరిచింది, దోమలొస్తాయే అంటున్నా వినకుండా. తనకిష్టమని గుత్తివంకాయ, ముద్దపప్పు, దోసావకాయ చేశాను. ఏడాదిపాటు నేను దాచిపెట్టిన నెయ్యి సీసా తీశాను. రెండుసార్లు వడ్డించాక, "ఇంకొంచెం పెట్టనా?" అన్నాను.

"వద్దమ్మా" అంది.

చెయ్యి దానంతటదే కంచం మీదకి వెళ్ళింది. మా అమ్మాయి నా ముఖంలోకి చూసింది. గరిటె వెనక్కి తీసుకున్నాను. గిన్నె మీద మూత పెట్టాను. అది పెట్టడం ఎంత కష్టమో మీలో తల్లులయినవాళ్ళకు చెప్పక్కర్లేదు.

రాత్రి పదింటికి వంటిల్లు సర్దుకుంటుంటే వెనకనుంచి వచ్చి భుజం మీద గడ్డం ఆనించింది.

"అమ్మా, ఆకలేస్తోంది. పెరుగన్నం కలిపి ముద్దలు పెడతావా?"

నోరు తెరిచి అడిగింది. కలిపి పెట్టాను.